ట్రస్టు కమిటీలో పాస్టరుకు ఏం పని?



బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీలో నా ఫోటో పడినప్పటి నుండి మీలో కొందరు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఒక సహోదరుడు ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటూ అడిగాడు. ఒక తల్లి ప్రార్థన మనవుల చీటీలో రాసి ఇచ్చింది, అయ్యగారు అన్యులతో జోడు కాకుండా కాపాడమని. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న మన యౌవనస్థుడొకడు ఫోన్ చేసి సూటిగానే అన్నాడు: "గుడి పెద్దకీ, ఇమాం గారికీ మధ్యలో మీరెందుకు అయ్యగారూ?" అడిగినందుకు నాకు సంతోషమే. చాటున అనుకునే మాట కంటే ఎదురుగా అడిగే మాట మేలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాస్టరు అలాంటి కమిటీలో కూర్చోవచ్చు. మనలాంటి పల్లెల్లో అయితే కూర్చోవాలి కూడా. ఎక్కడి దాకా వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో ముందే తెలుసుకుని కూర్చోవాలి.

అసలు అది ఏం చేసే సంస్థో చెప్పకుండా వాదన మొదలుపెట్టడం సరి కాదు. అడిగినవారిలో సగం మందికి అదేదో సర్వమత సమ్మేళనం అనే ఊహ ఉంది. మనం ట్రస్టు అంటున్నాం గానీ కాగితాల మీద అది సొసైటీ. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైంది. కమిటీలో మొత్తం 11 మందిమి. గుడి కమిటీ పెద్దాయన, మసీదు ఇమాం గారు, నేను, రిటైరైన హెడ్మాస్టరు గారు, రైస్ మిల్లు ఆయన, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన, ఇలా. చేసే పనులు మూడే. చూసేవాళ్ళు లేని ముసలివాళ్ళకు మధ్యాహ్న భోజనం. మంచాన పడ్డవారికి వీల్‌చైరు, వాకరు, నీటి పరుపు అద్దె లేకుండా ఇవ్వడం. చావు జరిగిన ఇంటికి ఐసు పెట్టె, శవాన్ని తీసుకువెళ్ళే బండి పంపడం.

నెలకు ఒక మీటింగు, రెండో శనివారం సాయంత్రం. ఇమాం గారికి అసర్ నమాజు అయిపోవాలి, మగ్రిబ్ వేళకు తిరిగి వెళ్ళాలి, కాబట్టి గంటన్నర కంటే ఎక్కువ సాగదు. అది కూడా దేవుని కృపే అనుకుంటాను. ఏం మాట్లాడతారు అక్కడ అంటే బియ్యం ధర, గ్యాసు బండలు, డ్రైవరు జీతం, బండి ఇన్సూరెన్సు. నేను చేరినప్పటి నుండి ఆ బల్ల దగ్గర త్రిత్వము గురించి ఎవరూ నన్ను అడగలేదు. తీసుకెళ్ళిన నీటి పరుపు తిరిగి ఇవ్వని ఇంటికి ఎవరు వెళ్ళి అడగాలన్న దాని మీద మాత్రం ముప్పావు గంట వాదించుకున్నాం.

ఇప్పుడు వాక్యం దగ్గరికి వస్తాను. మీలో ఎక్కువమంది చూపించేది రెండవ కొరింథీయులకు 6వ అధ్యాయం 14వ వచనం, అవిశ్వాసులతో జోడు గురించి. ఆ వచనాన్ని నేను తేలిగ్గా తీసుకోను. సెమినరీలో ఉన్నప్పుడు మాకు నేర్పిన మొదటి పాఠం, వచనాన్ని దాని చుట్టూ ఉన్న వచనాల నుండి పెరికి తేకూడదని. కింది రెండు వచనాలు చదవండి. పౌలు మాట్లాడుతున్నది దేవుని ఆలయము, విగ్రహములు, అంటే ఆరాధనలో పొత్తు గురించి. ఇదే పౌలు ఇదే కొరింథు సంఘానికి మొదటి పత్రిక 5వ అధ్యాయంలో ఏమని రాశాడు? లోకంలోని పాపులందరినీ విడిచి ఉండమని నా ఉద్దేశం కాదు, అలాగైతే మీరు లోకం నుండే వెళ్ళిపోవాల్సి వస్తుందన్న అర్థంలో రాశాడు. ఒకే మనిషి, ఒకే సంఘం, రెండు మాటలు. రెండూ కలిపి చదవాలి.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం నాకు ఇంకా ఇష్టం. రోమాకు వెళ్ళే ఓడ తుఫానులో చిక్కింది. ఓడలో 276 మంది. సైనికులు, నావికులు, ఖైదీలు, ఎవరి దేవుళ్ళకు వాళ్ళు మొక్కుకునేవాళ్ళు. పౌలు వాళ్ళ మధ్య ఏం చేశాడు? పద్నాలుగు రోజులుగా తిండి మానిన వాళ్ళను తినమని బతిమాలాడు. అందరి ఎదుట రొట్టె పట్టుకుని దేవునికి కృతజ్ఞతలు చెల్లించి తినడం మొదలుపెట్టాడు. తన దేవుడెవరో దాచలేదు. మీరు నా దేవుణ్ణి నమ్మితేనే రొట్టె అనీ అనలేదు. ఇంకొకటి, ఎఫెసులో పెద్ద అల్లరి జరిగినప్పుడు పౌలు స్నేహితులు గుడి దోచినవారు కారు, మా దేవిని దూషించినవారు కారు అని సాక్ష్యం చెప్పింది ఆ ఊరి కరణం. 19వ అధ్యాయం 37వ వచనం చూడండి. అన్యుడి నోటి నుండి అలాంటి సాక్ష్యం రావాలంటే, ముందు వాళ్ళ మనుషులకు మనం తెలిసి ఉండాలి కదా. అధ్యక్షుడు వెలుపటివారి చేత మంచి పేరు పొందినవాడై ఉండాలని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉన్న మాట పాస్టర్ల నియామకం రోజు చదివి, మరుసటి రోజు మర్చిపోయే మాట అయింది.

అన్నట్టు, "అన్యులు" అనే మాట మనం ధారాళంగా వాడేస్తాం. బైబిలు లెక్కలో మనమూ అన్యజనులమే. మన తాత ముత్తాతలెవరూ యూదులు కారు.

ఎక్కడ ఆగాలో చెబుతానన్నాను. బండి కొన్న రోజున కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయలు పెట్టారు. నేను ఆ ఐదు నిమిషాలు పక్కన రావిచెట్టు దగ్గర నిలబడ్డాను. నాతో పాటు ఇమాం గారు కూడా. ఎవరూ నొచ్చుకోలేదు, ఎందుకంటే చేరిన మొదటి మీటింగులోనే ఆ సంగతి చెప్పాను. పూజలో నిలబడను, హారతి తీసుకోను, కానీ మీరు చేసుకుంటే అడ్డు చెప్పను అన్నాను. పెద్దాయన దానికి అన్న మాట, "మీ నియమం మీది పాస్టరు గారూ, నేను మీ చర్చికి వచ్చినా మోకాళ్ళ మీద కూర్చోను కదా." ఆ ఒక్క మాటతో సగం భయం పోయింది. మరి కొబ్బరి ముక్కలు పంచితే ఏం చేశారని ఒక సహోదరి అడిగింది. తీసుకోలేదమ్మా. "క్షమించండి, నేను తీసుకోను" అని నవ్వుతూ చెప్పాను, టీ మాత్రం తాగాను.

మీటింగు మొదట్లో ప్రార్థన పెట్టాలా అన్న మాట కూడా వచ్చింది. అందరికీ సరిపోయే ప్రార్థన ఒకటి రాయిస్తే బాగుంటుందని ఒకాయన అన్నారు. నేను వద్దన్నాను. యేసు నామము లేని ప్రార్థన నేను చేయలేను, యేసు నామములో చేసే ప్రార్థనకు అక్కడ కూర్చున్నవాళ్ళచేత బలవంతంగా ఆమేన్ అనిపించలేను. అందుకని ఒక నిమిషం మౌనం పెట్టుకున్నాం. ఆ నిమిషంలో నేను నా ప్రభువుతోనే మాట్లాడతాను. ఎవరి నిమిషం వారిది.

అన్ని మతాలూ ఒకటే అని స్టేజీ ఎక్కి చెప్పమంటే నేను చెప్పను, అది నేను నమ్మను. నిజం చెప్పాలంటే ఇమాం గారూ నమ్మరు. అందుకే మా ఇద్దరికీ బాగా కుదురుతుంది. యేసు ఎవరన్న దాని మీద ఆయనకూ నాకూ ఉన్న తేడా చిన్నది కాదు, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. ఆ తేడా తేలేదాకా ముసలవ్వ అన్నం కోసం ఎదురుచూడాలా? అన్నీ ఒకటే అనుకునేవాళ్ళు కలిసి పనిచేయడం పెద్ద విశేషం కాదు.

ఇక రెండో వైపు నుండి వచ్చే మాట. "సరే, కూర్చున్నారు. కనీసం భోజనం పొట్లంలో ఒక కరపత్రం పెట్టించండి, సువార్త ప్రకటించినట్టు ఉంటుంది." ఈ మాట అన్నవారి ఆశను నేను తప్పు పట్టను. నాకూ ఆత్మల మీద భారం ఉంది. కానీ ఈ విషయంలో మన ప్రాంతపు సంఘ చరిత్రే మనకు పాఠం చెబుతుంది, అది మన యౌవనస్థులకు తెలియకుండా పోతోంది.

1876 నుండి 1878 దాకా దక్షిణాదిన భయంకరమైన కరువు వచ్చింది. ఒంగోలులో బాప్తిస్టు మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొరగారికి మిషనరీ కాకముందే సర్వే పని తెలుసు. ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో చచ్చిపోతున్నవాళ్ళకు ఆ కాలువ గట్టు మీద పని, కూలి, గంజి దొరికాయి. మన పెద్దల్లో ఎంతోమంది ఆ మట్టి మోసి బతికినవాళ్ళే. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మము అడిగారు. క్లౌ దొరగారు ఏం చేశారో తెలుసా? ఇవ్వలేదు. ఏడాదికి పైగా బాప్తిస్మములు ఆపేశారు. కూలి కోసం, గంజి కోసం వచ్చినవాడెవడో, క్రీస్తు కోసం వచ్చినవాడెవడో తేలాలని ఆపారు. కరువు సాయం ముగిసింది, ఇక పంచడానికి డబ్బు లేదని అందరికీ తెలిసింది. ఆ తర్వాతే 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. నీళ్ళలోకి దిగి ఇచ్చింది కూడా దొరగారు కాదు, మన తెలుగు బోధకులే.

ఆ 2,222 అంకెను మనం ఉజ్జీవ సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందున్న ఏడాది నిరీక్షణ గురించి ఎవరూ చెప్పరు. నా దృష్టిలో ఆ అంకెకు విలువ వచ్చిందే ఆ నిరీక్షణ వల్ల. అన్నం చేత్తో పట్టుకుని, కరపత్రం ఇంకో చేత్తో పట్టుకుంటే, తీసుకునేవాడు వద్దనలేడు. వద్దనలేని చోట అవునన్న మాటకు అర్థం లేదు. సువార్త చెప్పడానికి మనకు ఆదివారం ఉంది, బుధవారం గృహకూడిక ఉంది, క్రిస్మస్ ఉంది, నోరుంది. భోజనం దగ్గర మాత్రం గరిటె పట్టుకుందాం. ఎవరైనా తమంతట తాము "మీరెందుకు చేస్తున్నారు ఇదంతా" అని అడిగితే, అడిగినవారికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయంలో ఉంది. అడిగినవారికి.

డబ్బు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అమెరికాలో ఉన్న మన సంఘపు బిడ్డ ఒకరు ఈ విషయంలో నా మీద కొంచెం కోపంగా ఉన్నారు. పెద్ద మొత్తమే ఇస్తానన్నారు. షరతు ఏమిటంటే ఆ డబ్బుతో క్రైస్తవ వృద్ధులకే భోజనం పెట్టాలి. గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం చూపించారు, విశ్వాస గృహమువారికి విశేషంగా మేలు చేయమని. వచనం నిజమే. ఆ వచనం కోసమే మన సంఘంలో బీదల పెట్టె ఉంది, నెల మొదటి ఆదివారం అందులో వేస్తున్నాం, అది మన విధవరాండ్రకే వెళ్తుంది. కానీ సొసైటీ డబ్బు మన ఒక్కరిది కాదు. ఎవరో మిల్లు ఆయన ఇచ్చిన బియ్యం, ఇమాం గారు రంజాను నెలలో నలుగురినీ అడిగి తెచ్చిన డబ్బు అందులో ఉన్నాయి. పైగా చట్టం కూడా ఉంది. దాతలకు ఆదాయపు పన్నులో మనమంతా 80జీ అని పిలిచే మినహాయింపు రావాలంటే, ఆ సంస్థ ఒక మతం వారి కోసమో ఒక కులం వారి కోసమో పెట్టింది అయి ఉండకూడదు.

ఆ సహోదరుడి విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది, మీలో విదేశాల్లో ఉన్నవారు గమనించండి. భారత పౌరుడిగానే ఉండి కువైట్‌లోనో అమెరికాలోనో సంపాదించినది, సొంత సొమ్ములోంచి, బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక పంపితే వస్తుంది. పుట్టింది మన పల్లెలోనే అయినా, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా సరే. ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేని సంస్థ ఆ డబ్బు ముట్టుకోకూడదు. మా సొసైటీకి అది లేదు. కాబట్టి వద్దన్నాం, మర్యాదగా ఉత్తరం రాసి వద్దన్నాం.

ఆ కమిటీలో కూర్చుని నేను నేర్చుకున్నది ఒకటి మన సంఘాలకు చెప్పాలనిపిస్తుంది. అక్కడ ఏ చెక్కు మీదైనా రెండు సంతకాలు ఉండాలి. మినిట్సు పుస్తకం పోయిన నెలది చదివి వినిపించాకే కొత్త మాట. ఏడాదికోసారి ఆడిటరు చూస్తారు. కమిటీ సభ్యుడి బంధువుల దరఖాస్తు వస్తే ఆ సభ్యుడు బయటికి వెళ్ళి కూర్చోవాలి. మన సంఘస్థుల దరఖాస్తు వచ్చినప్పుడు నేనూ లేచి బయటికి వెళ్తాను, బంధువులు కాకపోయినా. మన చుట్టుపక్కల ఎన్ని సంఘాల్లో కానుకల లెక్క పాస్టరు జేబులోనే మొదలై పాస్టరు జేబులోనే ముగుస్తుంది? యెరూషలేములోని బీదలకు కానుక మోసుకెళ్ళేటప్పుడు పౌలు ఒక్కడే వెళ్ళలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంటబెట్టుకున్నాడు, ప్రభువు దృష్టికే కాదు మనుష్యుల దృష్టికి కూడా సరిగా ఉండాలని. రెండవ కొరింథీయులకు 8వ అధ్యాయం. పాస్టర్ల కూటములలో ఈ అధ్యాయం మీద ప్రసంగం విన్న జ్ఞాపకం నాకు లేదు. మన సంఘంలో ట్రెజరరు గారు ప్రతి మూడు నెలలకు లెక్క గోడకు అంటిస్తున్నారు. అది అలాగే సాగాలి.

దరఖాస్తు అంటే గుర్తొచ్చింది. భోజనానికి పేరు రాయించుకునే కాగితంలో మొదట "మతం" అని ఒక గడి ఉండేది. మన అవ్వల్లో ఒకావిడ ఆ గడి దగ్గరికి వచ్చేసరికి, రాసిపెడుతున్న కుర్రాడి చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఎందుకో మనవాళ్ళకు విడమర్చి చెప్పనక్కరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే అన్నారు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుండి క్రీస్తులోకి వచ్చినవారు మన రాష్ట్రంలో కాగితం మీద బీసీ-సీ. ఇంట్లో బైబిలు, బీరువాలో ఇంకో సర్టిఫికెట్టు. ఈ బాధ మీద ఇంకో రోజు వివరంగా రాస్తాను, ఇక్కడ దానికి చోటు చాలదు. ఆ అవ్వ మనవడికి ఏమవుతుందోనన్న భయంతో అన్నం పేరు రాయించుకోకుండా వెళ్ళిపోబోయింది. ఆ నెల మీటింగులో ఆ గడి తీసేయమని నేను అడిగాను. ఇమాం గారు బలపరిచారు. ఎందుకు తీయాలని ఒకరిద్దరు అడిగారు. హెడ్మాస్టరు గారు, "ఆ గడి చూసి మనం ఏమైనా నిర్ణయిస్తున్నామా? నిర్ణయించనప్పుడు అడగడం ఎందుకు?" అన్నారు. తీసేశారు. నేను ఆ బల్ల దగ్గర లేకపోతే ఆ గడి సంగతి ఎవరికీ తోచేది కాదు. వాళ్ళు చెడ్డవాళ్ళు అయ్యి కాదు, ఆ గడి వాళ్ళ ఇళ్ళలో ఎవరినీ ఎప్పుడూ ఆపలేదు కాబట్టి.

ఇప్పుడు ఐసు పెట్టె గురించి చెబుతాను. కొందరికి సగం సగం తెలుసు.

ఎండాకాలంలో చావు వస్తే మన ఇళ్ళలో పడే అవస్థ మీకు తెలుసు. కొడుకు కువైట్ నుండి రావాలి, కూతురు హైదరాబాదు నుండి రావాలి, టౌను నుండి పెట్టె అద్దెకు తేవాలంటే రోజుకు ఇంత అని. సొసైటీ పెట్టె కొన్నప్పుడు ఎక్కువ సంతోషించింది మన పల్లే. మొదటి ఆరు నెలల్లో ఎక్కువసార్లు వచ్చింది కూడా మన పల్లెకే. అప్పుడు ఊళ్ళోని ఒకాయన ఇంకో పెట్టెకు డబ్బిస్తానని ముందుకు వచ్చారు. ఊళ్ళో ఒకటి, పల్లెలో ఒకటి ఉంచుదాం, రెండు చోట్లా ఒకేసారి చావు వస్తే ఇబ్బంది కదా అన్నారు. మాట చాలా మర్యాదగా ఉంది. కుర్చీల్లో కూర్చున్న అందరికీ అందులోని అర్థం తెలిసింది. పల్లెలో శవం పడుకున్న పెట్టెలో తమవాళ్ళను పడుకోబెట్టడం ఇష్టం లేదు.

నేను అన్నది ఇంతే: "రెండో పెట్టె మంచిదే. రెండూ ఒకే షెడ్డులో పెడదాం. 1, 2 అని నంబర్లు వేద్దాం. ఎవరు ఫోన్ చేస్తే వాళ్ళకు చేతికందిన పెట్టె వెళ్తుంది." కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి హెడ్మాస్టరు గారు అలాగే మినిట్సులో రాశారు. దాత డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఈ రోజుకీ మాకు ఒక్కటే పెట్టె. డబ్బు పోగొట్టావని నన్ను తప్పుపట్టినవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు, వాళ్ళ మాటా నేను విన్నాను. ఒకే రోజున రెండు ఇళ్ళకు కావాల్సి వచ్చి, ఒక ఇంటివాళ్ళు టౌను నుండి అద్దెకు తెచ్చుకోవాల్సి వచ్చింది కూడా. అది నిజమైన నష్టమే.

ఆ తర్వాత గుడి పెద్దాయన వదినగారు చనిపోయారు. ఆ రోజు ఉదయందాకా పెట్టె మన పల్లెలోనే ఉంది, భూస్థాపన మధ్యాహ్నం ముగిసింది. పెద్దాయన తానే నాకు ఫోన్ చేశారు. "పాస్టరు గారూ, మీ వాళ్ళ ఇంట్లో కార్యం అయిపోయిందా? అయిపోతే పెట్టె పంపించండి." చుట్టాలు టౌను నుండి అద్దె పెట్టె తెప్పిద్దామంటే, మన పెట్టె ఉండగా అద్దెది ఎందుకని ఆయన ఒప్పుకోలేదట. డ్రైవరు ఎప్పటిలాగే మందు నీళ్ళతో తుడిచి తీసుకెళ్ళాడు. పల్లె బాట మీదుగా వచ్చిన పెట్టె ఆ పెద్దింటి ముందు దిగడం ఊరంతా చూసింది. సాయంత్రం నేను పలకరించడానికి వెళ్ళాను. వరండాలో కుర్చీ వేయించారు. ఎవరూ ఏమీ అనలేదు.

దీన్ని నేను పెంచి చెప్పను. ఆ ఇంటి లోపలికి మన పల్లె మనిషి ఎవరైనా భోజనానికి వెళ్ళారా అంటే, ఇంకా లేదు. కానీ ఆ పెట్టె కోసం ఆ తర్వాత ఊళ్ళో నుండి ఎన్ని ఫోన్లు వచ్చాయో డ్రైవరును అడగండి.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఈ కళ్ళతో చదివితే కొత్తగా కనిపిస్తుంది. అనుదిన భోజన పరిచర్యలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టింది. అపొస్తలులు ఏడుగురిని ఏర్పరచమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, అన్నీ గ్రీకు పేర్లే. ఎవరి విధవరాండ్రు తప్పిపోతున్నారో, వాళ్ళ మనుషులకే వడ్డన అప్పజెప్పారు. అది సంఘం లోపలి సంగతే, ఒప్పుకుంటాను. అయినా పంచే బల్ల దగ్గర తప్పిపోయేవారి మనిషి ఒకరు కూర్చోవాలన్న జ్ఞానం సంఘం గడప దాటితే చెల్లదా?

ఎప్పుడు లేచి వచ్చేస్తావని ఆ బెంగళూరు కుర్రాడు అడిగాడు. రెండు సంగతుల్లో. నా ప్రభువును కాదనే మాట మీద సంతకం పెట్టమన్న రోజున, ఫలానా వాళ్ళకు అన్నం పెట్టవద్దని తీర్మానం చేసిన రోజున. ఆ రెండోది మన సంఘంవాళ్ళ మేలు కోసమే చేసినా సరే.

ఫ్లెక్సీ విషయం మాత్రం మీతో ఏకీభవిస్తున్నాను. ఫోటోలు వద్దని మీటింగులో చెప్పాను. నలుగురి ముఖాలకు పెట్టిన ఖర్చుతో నాలుగు రోజుల కూరగాయలు వస్తాయి. వచ్చే ఏడాది వేయరు. బండి మీద కూడా పేర్లు, బొమ్మలు లేవని మీరు చూసే ఉంటారు. మొదట వైకుంఠ రథం అని రాయిద్దామన్నారు, ఇమాం గారూ నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇప్పుడు "అంతిమయాత్ర వాహనం" అని ఉంది, తెల్ల బండి మీద నల్ల అక్షరాలు, ఫోన్ నంబరు.

నా కాలం వచ్చే సర్వసభ్య సమావేశంతో ముగుస్తుంది. మళ్ళీ నన్నే ఉండమంటున్నారు. నాకు వేరే ఆలోచన ఉంది. భోజనానికి వచ్చేవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళు, విధవరాండ్రు. కమిటీలో 11 మందికి ఆడమనిషి ఒక్కరే. మన స్త్రీల సమాజం నుండి ఒక సహోదరిని పంపితే బాగుంటుందని పెద్దలతో మాట్లాడాను. లెక్క రాయగలిగిన వాళ్ళు, నలుగురిలో నోరు తెరిచి మాట్లాడగలిగిన వాళ్ళు మనలో ఉన్నారు, నాకు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. భర్తలు ఒప్పుకుంటారా అనేది ఈ వారం ఇళ్ళకు వచ్చి అడుగుతాను. తప్పించుకోవద్దు.

ఇంకొక సంగతి. గురువారం వంట వంతు మనది. పోయిన గురువారం కూరలు తరగడానికి ముగ్గురే వచ్చారు, మిగతా పని గుడి వీధి ఆడవాళ్ళు వచ్చి చేసి వెళ్ళారు. ఈ గురువారం పప్పు, ములక్కాడల కూర, మజ్జిగ. ములక్కాడలు ఎవరి పెరట్లో ఉంటే వాళ్ళు బుధవారం గృహకూడికకు తెచ్చి ఇవ్వండి. వంటషెడ్డు ఉదయం 7 గంటలకు తెరుస్తారు. కత్తిపీటలు అక్కడ రెండే ఉన్నాయి, మీవి తెచ్చుకోండి.

ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక. ఆమేన్.